పాత వార్డు దూలాలతో చేసిన బల్ల

నేను ఒక పని బల్లను. ఇంకా సరిగ్గా చెప్పాలంటే బల్ల పైచెక్కను. కాళ్లు ఇనుపవి, వాటి పుట్టుక వేరు. ఎనిమిది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడంగుళాల మందం, వేగిస కర్ర. గోదావరి జిల్లాలో కాలువ గట్టు పక్కనున్న ఒక కుష్ఠు ఆసుపత్రిలో, చెప్పులు తయారుచేసే గదిలో, ఉత్తరపు కిటికీ కింద పాతికేళ్లుగా ఉన్నాను. నా మీద సుత్తి దెబ్బలు పడ్డాయి, జిగురు ఒలికింది, టీ గ్లాసులు గుండ్రటి మచ్చలు వేశాయి. అయినా నీ బతుకెలా గడిచిందని ఎవరైనా అడిగితే, ఫిర్యాదు చెయ్యడానికి నాకేమీ దొరకదు. ఎంతమందికి రుణపడి ఉన్నానో చెప్పడం మొదలుపెడితే మాత్రం పొద్దు చాలదు.

బల్లను కాకముందు నేను రెండు దూలాలను. ఆ ఆసుపత్రి కట్టిన కొత్తలో, మగవాళ్ల వార్డు పెంకుటింటి కప్పుని మొయ్యడానికి నన్ను మన్యం అడవి నుంచి తెచ్చారు. ఎనభై ఏళ్లు అక్కడే అడ్డంగా పడుకుని కింద జరిగేదంతా చూశాను. కొడుకుని గుమ్మం దాకా తీసుకొచ్చి, మూట చేతికిచ్చి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయిన తండ్రుల్ని చూశాను. మొగుడికి పెరుగన్నం తెచ్చి, గిన్నె మెట్టు మీద పెట్టి, ఆయన తినేదాకా చెట్టు కింద నిలబడిన ఆడవాళ్లని చూశాను. పెద్దరోగం అని ఊళ్లో దాన్ని పిలిచేవారు. అది అంత తొందరగా అంటుకునే జబ్బు కాదనీ, మందు వేసుకున్నవాడి నుంచి అసలే అంటుకోదనీ డాక్టర్లు మూడు తరాలుగా చెబుతూనే ఉన్నారు. మనుషులు చాలా తెలివైనవాళ్లు. భయపడాలని నిశ్చయించుకున్నాక వాళ్లకి ఎవరి మాటా వినిపించదు.

ఆ వార్డులోకి పంతొమ్మిదో ఏట వచ్చినవాడే సోమలింగాచారి. తుని పక్క ఒక ఊళ్లో వడ్రంగుల ఇంట పుట్టాడు. మంచం మీద వెల్లకిలా పడుకుని మొదటి రోజంతా నన్నే చూశాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. కాదు, సన్నగా చెక్కిన నా కొస, అంటే కుసి, గోడలో ఎలా కూర్చుందో చూస్తున్నాడు. మందుకి జబ్బు నయమైంది. కాని అప్పటికే రెండు చేతుల్లోనూ స్పర్శ పోయింది. ఎడమచేతి రెండు వేళ్లు కొంకిర్లు తిరిగి మళ్లీ తెరుచుకోలేదు. ఆయన ఊరికి తిరిగి వెళ్లలేదు. ఆసుపత్రిలోనే వడ్రంగిగా చేరి చంకకర్రలు, చెక్క కాళ్లు, మంచాలు, కిటికీలు చేస్తూ ఉండిపోయారు. ఉలి పిడికీ చిత్రిక పిడికీ సైకిలు ట్యూబు చుట్టి లావు చేసుకున్నారు. చేతులు చెప్పని సంగతి కళ్లతో కనుక్కునేవారు. నలభై ఏళ్లు అలా గడిచాయి.

అప్పుడు పాత వార్డు కూల్చారు. రోగులు తగ్గారు, గోడలు నెమ్ము పట్టాయి, ఆ స్థలంలో చెప్పుల తయారీకి కొత్త గది కట్టాలన్నారు. స్పర్శ లేని పాదాలకు మెత్తటి రబ్బరు చెప్పులు కావాలి. మామూలు చెప్పు కరిచినా, గాజుపెంకు దిగినా ఆ పాదాలకు తెలియదు. పుండు పడి, కుళ్లి, ఎముక దాకా పోయాక తెలుస్తుంది. అందుకని ఎవరి పాదం కొలత తీసుకుని వాళ్లకు చెప్పులు చేసే పని ఆ ఆసుపత్రిలో మందులిచ్చే పనంత పెద్దది.

ఆసుపత్రి పెద్ద డాక్టర్ హెప్సిబా గారు. పొట్టి మనిషి, మాట తక్కువ, నడక ఎక్కువ. కొత్త గదికి దాతలెవరో ఇనుప బల్లలు ఇస్తామన్నారని ఆవిడ ఆచారిగారిని పిలిచి చెప్పారు. కూల్చిన గోడ పక్క మట్టిలో పడి ఉన్న నాకు ఆ మాటలన్నీ వినిపించాయి. ఆచారిగారు నా వైపు చెయ్యి చూపించి అన్నారు:

“ఇనుప బల్ల అంచు చెయ్యి కోస్తే మాకు తెలీదండి. ఎండ పడి కాలినా తెలీదండి. ఆ గదిలో పనిచేసేవాళ్లలో సగంమందిమి మేమే కదండి. ఈ రెండు దూలాలూ నాకిప్పించండి. ఎక్కడా పదును తగలకుండా ఒక బల్ల చేసిపెడతాను.”

డాక్టరమ్మగారు వెంటనే ఒప్పుకోలేదు. ఎన్నాళ్లు పడుతుందని అడిగారు. అప్పుడు మే నెల. ఆగస్టు పదో తారీఖున గది తెరవాలి, దాతలు వస్తారు, ఆ రోజుకి బల్ల లేకపోతే ఇనుపవి తెప్పించక తప్పదని ఖచ్చితంగా చెప్పారు. ఆచారిగారు సరేనన్నారు. ఆయన సరే అన్న తీరు చూస్తే చేతికొచ్చిన చివరి పెద్ద పని ఇదేనని ఆయనకు తెలుసనిపించింది.

మొదటి అడ్డంకి కోతమిల్లు దగ్గరే వచ్చింది. ఎడ్లబండి మీద నన్ను పట్నం తీసుకెళ్లారు. మిల్లు యజమాని బండి ఎక్కడినుంచి వచ్చిందో విన్నాడు. దగ్గరికి రాకుండానే చేత్తో వెనక్కి పొమ్మన్నట్టు సైగ చేశాడు. అదే కర్రని ఏ జమీందారు మేడ కూల్చి తెచ్చారనో చెప్పి ఉంటే ముద్దుగా నిమిరేవాడు. బండి తిరిగి ఆసుపత్రికే వచ్చింది. ఆచారిగారు వడ్రంగి షెడ్డు వరండాలో, కర్రని ఆనించి కోసే గుర్రపు బల్లలు రెండు ఎత్తుగా నిలబెట్టి, నన్ను వాటి మీదికెక్కించి, ఇద్దరు లాగే పెద్ద రంపం తీశారు. పైన ఆయన, కింద నూకయ్య. నూకయ్యదీ అదే వార్డు, అదే కథ, చెయ్యి మాత్రం ఉక్కు. ఇద్దరూ మూడు వారాలు నన్ను నిలువునా కోశారు. రంపప్పొట్టు నూకయ్య తలనిండా పడి పసుపు చల్లినట్టు ఉండేది. ఎనభై ఏళ్లు ఎండిన కర్రని, రాయిలా ఉంటాను. అయినా నన్ను ఎవరూ తిట్టలేదు.

బద్దలుగా కోసిన నా నుంచి మేకులు ఏరారు. తెల్ల చెక్క తీసేసి చేవ మాత్రం ఉంచారు. ఆరు బద్దల్ని పక్కపక్కన చేర్చి, జిగురు రాసి, చుట్టూ మోకులు కట్టి, మోకుకీ కర్రకీ మధ్య ఏటవాలు చెక్క ముక్కలు దిగ్గొట్టి బిగించారు. రెండు దూలాలుగా ఉన్న నేను ఆ రోజు నుంచి ఒక్కటయ్యాను.

ఇక చిత్రిక పట్టడం. ఇక్కడ లోవకుమారి గురించి చెప్పాలి.

లోవకుమారికి ముప్పై ఏళ్లుంటాయి. రోగి కాదు. కాలువ అవతలి ఊరు. తాత తండ్రుల నుంచీ తోలు పని చేసిన ఇల్లు. చెప్పుల తయారీలో ఆరు నెలల శిక్షణ పూర్తిచేసి, ఏడాది కిందటే ఆసుపత్రిలో పనికి చేరింది. కళ్లు మూసుకుని తోలుని రెండు వేళ్ల మధ్య జరిపి ఎక్కడ మందమో ఎక్కడ పలచనో చెప్పేది. మొగుడి పేరు అబ్బులు, ఇటుకల బట్టీలో పని. ఆమె ఈ ఆసుపత్రిలో చేరడం అతనికి ఇష్టం లేదు, అలాగని వద్దనీ అనలేదు. రోజూ సాయంత్రం అయిదింటికి సైకిలు మీద వచ్చి గేటు బయట నిలబడేవాడు. ఏడాదిలో ఒక్కసారి కూడా గేటు దాటి లోపలికి రాలేదు. లోవకుమారి కూడా రమ్మనలేదు.

ఆచారిగారు చిత్రిక పడుతుంటే ఆమె అప్పుడప్పుడు వచ్చి చూసేది. పైచెక్క చదునుగా ఉందో మెలి తిరిగి ఉందో తెలుసుకోవడానికి ఆయన నాకు ఆ చివరొకటి ఈ చివరొకటి తిన్నటి కర్రలు నిలబెట్టి, వంగి, ఒక కన్ను మూసి చూసేవారు. సరిపోయిందని తల ఊపేవారు. ఒకరోజు ఆమె ఊరికే నా మీద అరచెయ్యి జరిపింది. ఒక మూల దగ్గర చెయ్యి ఆగింది. మళ్లీ జరిపింది. మళ్లీ ఆగింది. ఆచారిగారి వంక చూసింది. నూకయ్య భోజనానికి వెళ్లేదాకా ఆగి దగ్గరికి వచ్చింది.

“ఆచారిగారండీ, ఈ కుడిపక్క మూల పల్లంగా ఉందండి.”

“కర్రలు పెట్టి చూశాను కదమ్మా.”

“చూశారండి. మీకు కనపడలేదండి.”

చాలా నెమ్మదిగా అంది. కాని ఆ మాట ఆయనకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. చిత్రిక పక్కన పెట్టారు. గోనెసంచి తెచ్చి నా మీద కప్పారు. వెళ్లిపోయారు. రెండు రోజులు షెడ్డు వైపు రాలేదు. గోనె కింద నేను ఉక్కపోతలో పడి ఉన్నాను. లోవకుమారి తన పని తను చేసుకుంది. మధ్యలో రెండుసార్లు మాత్రం వచ్చి గోనె ఎత్తి చూసి, మళ్లీ కప్పి వెళ్లింది. తప్పు చేశానా అని ఆమె మొహంలో ఉంది.

మూడో రోజు పొద్దున్నే ఆచారిగారు వచ్చారు. నేరుగా ఆమె కూర్చునే చోటికి వెళ్లారు.

“అమ్మాయ్, ఏడాదై నా కుడికన్ను మసక. ఎడమది కూడా దాని దారే పడుతోంది. డాక్టరమ్మగారికి చెప్తే ఉలి తీసేసుకుంటారని చెప్పలేదు. చేతులంటావా, అవి ఉన్నా లేనట్టే. ఈ బల్ల చెయ్యాలంటే నీ వేళ్లు కావాలి.”

ఆమె ఓదార్చలేదు, జాలి పడలేదు. చేతులు కడుక్కుని వచ్చి, ఎక్కడ చూడమంటారని అడిగింది.

అప్పుడు వాళ్లిద్దరూ కలిసి కనిపెట్టిన పద్ధతి ఇదీ. ఆమె నా మీద అడుగడుగూ అరచేత్తో తడిమి, ఎత్తుగా ఉన్న చోటల్లా సుద్దముక్కతో గీసేది. ఆ తెల్లటి గీతలు ఆచారిగారికి మసకగానైనా కనిపించేవి. గీత పోయేదాకా చిత్రిక పట్టేవారు. మళ్లీ ఆమె తడిమేది, మళ్లీ గీసేది. నా ఒంటి మీద ఎంతమంది చేతులు పడ్డాయో లెక్కలేదు గాని, నన్ను అంత శ్రద్ధగా చదివింది మాత్రం ఆమె ఒక్కతే. వారం తిరిగేసరికి ఆ పల్లం మూల మిగతా చెక్కతో సమానమైంది.

ఆ పని సాఫీగా సాగిపోతుంటే నేనే అడ్డం పడ్డాను. నా కడుపులో ఒక మేకు విరిగి ఉండిపోయింది. ఎవరికీ కనపడలేదు. చిత్రిక నన్ను పొరలు పొరలుగా తీస్తుంటే దాని మొన పైకి తేలింది. ఆచారిగారికి ఒక అలవాటుంది. ఏమీ తెలియకపోయినా, ప్రతి పట్టు అయ్యాక అరచేత్తో కర్రని నిమిరేవారు. వాళ్ల నాన్న అలా చేసేవాడట. ఆ మధ్యాహ్నం కూడా అలాగే చివరినుంచి చివరికి నిమిరారు. మేకు మొన ఆయన అరచేతిని మణికట్టు నుంచి వేళ్ల దాకా చీల్చింది. ఆయన మొహం మారలేదు. పాట ఏదో గొణుక్కుంటూ రెండోసారి నిమరబోయారు.

లోవకుమారి నా మీద ఎర్రటి చార చూసింది.

“ఆచారిగారూ, చెయ్యి పైకెత్తండి. కిందికి చూడకండి.”

ఆయన చూడనే చూశారు. రక్తం మోచేతి దాకా కారుతోంది. ఆమె తన చీర కొంగు చింపి ఆ చేతిని గట్టిగా చుట్టింది, రెండు చేతులతో పట్టుకుని వార్డు దాకా నడిపించుకుని వెళ్లింది. ఎనభై ఏళ్లు ఎవరికీ హాని చెయ్యకుండా కప్పు మోసిన నేను, నన్ను తలకెత్తుకున్న మనిషినే గాయపరిచాను. ఆ సాయంత్రం నూకయ్య పటకారుతో ఆ మేకు పీకి పారేశాడు. అది పోయినా నాకు మనసు కుదుటపడలేదు.

తొమ్మిది కుట్లు పడ్డాయి. స్పర్శ లేని చేతికి గాయమంటే మామూలు సంగతి కాదు. కదిలిస్తే పుండవుతుంది, పుండైతే వేళ్లు పోతాయి. నెలరోజులు ఏ పనిముట్టూ ముట్టుకోకూడదని డాక్టరమ్మగారు చేతిని మెడకు వేలాడగట్టారు. కంటి సంగతి కూడా అప్పుడే బయటపడింది. ఎందుకు దాచారని ఆవిడ ఒకే ఒక్కసారి అడిగారు. అప్పటికి జూలై పదో పన్నెండో తారీఖు. ఇనుప బల్లలకు ఉత్తరం రాసేస్తానని మాత్రం చెప్పారు.

“రెండు వారాలాగండి,” అంది లోవకుమారి. ఆవిడ వెనకాలే నిలబడి ఉంది. “ఆయన చెప్తే నేను చేస్తానండి.”

చిత్రిక ఎప్పుడైనా పట్టావా అని డాక్టరమ్మగారు అడిగితే, లేదండి అని ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ నిజాయితీ నచ్చిందో ఏమో, ఉత్తరం ఆగింది.

మొదటి నాలుగు రోజులు నాకు ప్రాణాంతకం. చిత్రిక కింద లోతుగా దిగి పెచ్చులు లేపేది. ఆమె భుజాలు పట్టేసేవి, అరచేతులు బొబ్బలెక్కేవి. ఆచారిగారు ఎత్తుపీట వేయించుకుని పక్కనే కూర్చునేవారు. ఆయనకు నేను సరిగా కనిపించను, చేతికి తగలను. అందుకని వినేవారు. తల వంచి, కళ్లు మూసుకుని, చిత్రిక చప్పుడు వినేవారు.

“అది అరుస్తోందమ్మా. పాడాలి. ఆకు లోపలికి కొట్టు కాస్త. ఇప్పుడు తొయ్యి. చేతుల్తో కాదు, నడుంతో.”

ఆమె చిత్రికలోని ఇనుప ఆకుని లోపలికి కొట్టేది, నడుంతో తోసేది. అరుపు గీరుడైంది, గీరుడు గుసగుసైంది. ఆరో రోజున ఉల్లిపొరలాంటి చెక్కపొట్టు నా ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగకుండా లేచింది. ఆచారిగారు కళ్లు తెరవకుండానే, అదీ, అన్నారు. ఆమె ఆ పొట్టుని పారెయ్యకుండా చుట్టి జడలో దోపుకుంది. సాయంత్రం గేటు దగ్గర అబ్బులు అదేమిటని అడిగితే ఏం చెప్పిందో నాకు తెలియదు.

ఒక ఆడమనిషి, అందులోనూ చెప్పులు కుట్టే ఇంటి ఆడమనిషి, చిత్రిక పట్టడం నూకయ్యకు నచ్చలేదు. వార్డులో పడ్డ బాధలు అందరివీ ఒకటే అయినా, ఊరు వాళ్లకు నేర్పిన కొన్ని సంగతులు లోపలికి కూడా వెంట వచ్చాయి. ఎవరి పని వాళ్లు చేసుకుంటే బావుంటుందని ఆమె లేనప్పుడు ఆచారిగారి దగ్గర అన్నాడు. ఆచారిగారు మెడకు వేలాడుతున్న చేతిని సర్దుకున్నారు.

“జబ్బు బయటపడ్డాక నేను చేసిన తలుపుని మా ఊళ్లో ఎవరూ గుమ్మానికి ఎక్కించుకోలేదు నూకయ్యా. మా నాన్న దాన్ని దొడ్లో పెట్టి తగలబెట్టాడు. ఎవరి చెయ్యి ఏ పని చెయ్యాలో చెప్పే మొహం నాకు లేదు.”

నూకయ్య మళ్లీ ఆ ఊసెత్తలేదు. మర్నాడు అడక్కుండానే వచ్చి, ఆమె చిత్రిక పడుతుంటే నేను జరగకుండా అవతలి చివర పట్టుకుని నిలబడ్డాడు.

జూలై ఆఖరుకి నా రెండు ముఖాలూ చదునయ్యాయి. అంచులన్నీ గుండ్రం చేశారు. చంటిపిల్ల బుగ్గ ఆనించినా గీరుకోకూడదని ఆచారిగారి పట్టుదల. ఆమె ప్రతి అంచునీ తన చెంపకు ఆనించి చూసి మరీ సరేననేది. అవిసె నూనె మూడు పూటలు పట్టించారు. అప్పుడు నా అసలు రంగు బయటికి వచ్చింది. తేనె రంగులో గోధుమ చారలు. ఎనభై ఏళ్ల మసి కింద నాకే తెలియకుండా ఆ రంగు ఉంది.

పట్నం నుంచి ఇనుప కాళ్లు వచ్చాయి. పైచెక్కని బిగించడానికి వాటి చట్రానికి గుండ్రటి బెజ్జాలు వేసి పంపారు. ఆచారిగారు బెజ్జంలో పుల్ల పెట్టించి కొలత చెప్పించుకుని, పనికిరావన్నారు. వానాకాలం కర్ర ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది, గుండ్రటి బెజ్జంలో బోల్టు వేసి బిగిస్తే కదలడానికి చోటు లేక చీలిపోతుంది, బెజ్జాలు అడ్డంగా సాగి ఉండాలి అని వివరించారు. నూకయ్య, లోవకుమారి ఒకరోజంతా ఆకురాయి పట్టుకుని ఆ బెజ్జాల్ని కోలగా సాగదీశారు. ఇన్నేళ్లలో ఎన్ని వానలు, ఎన్ని రోహిణి కార్తెలు చూశానో. ఒక్క చీలిక లేదు.

ఇక నన్ను కొత్త గదికి చేర్చాలి. ఆగస్టు తొమ్మిది. షెడ్డు నుంచి గది వంద గజాలు. నా బరువు నూట నలభై కిలోలకు తక్కువుండదు. ఊళ్లోంచి నలుగురు కూలీలు వస్తామన్నారు. మధ్యాహ్నం దాకా చూశాం, రాలేదు. మూడింటికి సన్నగా జల్లు మొదలైంది. వార్డులో బరువు ఎత్తగలిగిన వాళ్లు నూకయ్యతో కలిపి అయిదుగురు తేలారు. డాక్టరమ్మగారు నేనూ ఒక మూల పడతానన్నారు. అయినా చాలదు. జారితే ఎవరో ఒకరి కాలు నుజ్జవుతుంది, పైగా కాలు నుజ్జైనా తెలియని మనుషులు. ఆవిడ గడియారం చూసుకుని, రేపటికి బల్ల లేకుండానే తెరుద్దామన్నారు. ఇనుప బల్లల మాట ఆవిడ ఎత్తలేదు గాని అందరికీ వినిపించింది. ఆచారిగారు పీట మీదినుంచి లేచి నిలబడ్డారు, ఏమీ తోచక మళ్లీ కూర్చున్నారు.

అయిదు కావస్తోంది. లోవకుమారి గేటు వైపు నడిచింది.

అక్కడ ఏం మాట్లాడుకున్నారో మాకెవరికీ వినపడలేదు. చాలాసేపు నిలబడ్డారు. వాన అతని తల మీద పడుతూనే ఉంది. ఆమె బతిమాలినట్టు కనపడలేదు, చేతులు కూడా కదపలేదు. చివరికి అబ్బులు సైకిలుకి స్టాండు వేసి, గేటు లోపలికి అడుగుపెట్టాడు. దారంతా నేల చూస్తూ నడిచాడు. షెడ్డులోకి వచ్చి మొదట నన్ను చూశాడు. బట్టీ మనిషి కదా, బరువు అంచనా వేసుకున్నాడు. తర్వాత చుట్టూ ఉన్నవాళ్లని చూశాడు. పక్కనే నూకయ్య. పొట్టిబడిన వేళ్లతో నా అంచు పట్టుకుని ఉన్నాడు. అబ్బులు చూపు ఆ వేళ్ల మీద ఆగింది.

అబ్బులు లుంగీ ముడిలోంచి రెండు రబ్బరు ముక్కలు తీశాడు. ఇటుకలు మోసేటప్పుడు అరచేతులకు కట్టుకునేవి.

“పెచ్చు గుచ్చుకుంటే మీకు తెలీదంట కదా. ఇయ్యి కట్టుకోండి,” అన్నాడు నూకయ్యతో. నూకయ్యకు ముడి వెయ్యడం రాకపోతే తనే వేశాడు. ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని, రెండు చుట్లు చుట్టి, లాగి చూసి, వదిలాడు.

నన్ను ఎత్తారు. అబ్బులు ముందు నిలబడి ఒక్కో అడుగుకీ కూత వేశాడు. డాక్టరమ్మగారు వెనక మూల పట్టుకున్నారు, ఆవిడ పొట్టి కావడం వల్ల బరువంతా పక్కవాడి మీద పడింది గాని ఎవరూ అనలేదు. వాన, బురద, మెట్లు. గుమ్మం వెడల్పు నాకు అంగుళం తక్కువైంది. నన్ను నిలువుగా తిప్పి, పక్కవాటుగా లోపలికి జరిపారు. ఇనుప కాళ్ల మీదికి దించినప్పుడు గది మొత్తం ఒక్కసారి దిమ్మన్నది. లోవకుమారి కిందికి దూరి బోల్టులు వేసింది. బాగా బిగించి మళ్లీ అరచుట్టు వదులు చెయ్యమని ఆచారిగారు పైనుంచి చెబుతూ ఉన్నారు. ఒక కాలు నేలకు ఆనకుండా ఊగితే, చెప్పుల రబ్బరు ముక్క ఒకటి కోసి దాని కింద దోపింది. ఊగడం ఆగిపోయింది.

తర్వాత అందరికీ టీ వచ్చింది. అబ్బులు గ్లాసు అందుకుని ఒక క్షణం తటపటాయించాడు. పక్కన నూకయ్య రెండు చేతుల మధ్య గ్లాసు పెట్టుకుని ఊదుకుంటూ తాగుతున్నాడు. అబ్బులు కూడా ఊదుకుని తాగాడు. ఖాళీ గ్లాసు నా మీద పెట్టాడు. నా ఒంటి మీద మొదటి గుండ్రటి మచ్చ అదే. దాన్ని ఎవరో తుడవబోతే లోవకుమారి వద్దంది.

మర్నాడు దాతలు వచ్చారు. గోడలకు వేసిన రంగుని మెచ్చుకున్నారు, కిటికీలు బావున్నాయన్నారు, నా మీద పూలదండలు పెట్టారు, ఫొటోలు తీసుకున్నారు. నన్ను ఎవరూ ప్రత్యేకంగా చూడలేదు. పనికొచ్చే వస్తువుని మనుషులు అలాగే చూడకుండా వదిలేస్తారు, నాకు అలవాటే. వాళ్లు వెళ్లాక లోవకుమారి దండలు తీసి పక్కన పెట్టి, రబ్బరు పలక పరిచి, మొదటి జత చెప్పులు కోసింది.

అప్పటినుంచి నా మీద ఎన్ని వేల జతలు తయారయ్యాయో. మరుసటి ఏడు ఆచారిగారి రెండు కళ్లకూ శుక్లాలు తీశారు. నల్లద్దాలు పెట్టుకుని వచ్చి నన్ను మొదటిసారి స్పష్టంగా చూశారు. నడిమధ్యన చిత్రిక లోతుగా దిగిన గాటు ఒకటి ఉంది, ఎంత నున్న చేసినా పోలేదు. దాని మీదకు వంగి చాలాసేపు చూసి, “ఇక్కడ నువ్వు నేర్చుకున్నావు” అన్నారు ఆమెతో. అబ్బులు రోజూ సైకిలు లోపలే పెడతాడు. జిగురు ఆరేలోగా ఆమెకు సాయం పడతాడు. కుష్ఠు రోగులు తగ్గిపోయారు. ఇప్పుడు పట్నం నుంచి షుగరు జబ్బువాళ్లు, పెద్ద పెద్ద కార్లలో వస్తున్నారు. వాళ్ల పాదాలకూ స్పర్శ ఉండటం లేదు, వాళ్లకూ ఇవే చెప్పులు కావాలి. ఏ గేటు ముందునుంచి ముక్కు మూసుకుని పోయేవారో ఆ గేటు లోపలే బారులు తీరి కూర్చుంటున్నారు. నాకు వాళ్లని చూస్తే నవ్వు రాదు. మెత్తటి చెప్పు తొడుక్కుని నిలబడ్డాక వాళ్ల మొహాల్లో తేలే ఆ కాస్త ధైర్యం అందరిదీ ఒకటే.

మొన్నీమధ్య ఆసుపత్రి వస్తువులన్నిటికీ అంకెలు వెయ్యాలని ఒక గుమాస్తా వచ్చాడు. చేతిలో జాబితా పుస్తకం, తెల్లరంగు డబ్బా, సన్న కుంచె. బీరువాలకూ మంచాలకూ అంకెలు వేసి నా దగ్గరికి వచ్చాడు. కొలతలు రాసుకున్నాడు. చేసినవారు ఎవరని అడిగాడు.

కిటికీ దగ్గర కుర్చీలో ఆచారిగారు కూర్చుని ఉన్నారు. ఎనభై దాటాయి ఆయనకు. “ఆవిడండి,” అన్నారు లోవకుమారిని చూపించి.

“నేను కాదండి, ఆయన,” అంది లోవకుమారి సూది మీదినుంచి తల ఎత్తకుండా.

“నా చేతికి కట్టు అప్పుడు. చిత్రిక పట్టిందంతా ఆవిడే.”

“చెప్పిందంతా ఆయనండి. నాకేం తెలుసని.”

గుమాస్తా కుంచె పట్టుకుని అటూ ఇటూ చూశాడు. ఒక్క పేరుకే చోటుంది, తొందరగా తేల్చండి, ఇంకా రెండు వార్డులున్నాయి అన్నాడు. వాళ్లు తేల్చలేదు. అతను విసుక్కుని ఆ గడిలో ‘స్థానికం’ అని రాసుకుని, నా అంచు మీద నలభై ఏడు అని తెల్లగా వేసి వెళ్లిపోయాడు.

ఆచారిగారు కర్ర ఊతంగా లేచి వచ్చారు. అంకె బాగా కుదిరిందో లేదోనని వంగి, వేలితో మెల్లగా నిమిరారు. రంగు ఇంకా పచ్చిగానే ఉంది. వేలి కొసంతా తెల్లగా అయింది. ఆయనకు తెలియలేదు. లోవకుమారి సూది పక్కన పెట్టి, గుడ్డకు కాస్త కిరసనాయిలు తడిపి, ఆ చేతిని నా మీద ఆనించి, ఒక్కొక్క గీతలోంచీ రంగు తుడుస్తూ కూర్చుంది.

“మరి నా పేరెందుకు చెప్పారండి?” అంటూనే ఉంది.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.